ఏదడిగినా వద్దను

కొత్త వెర్షన్ వచ్చింది, పెట్టుకుంటారా అని మా లాప్‌టాప్ వేసవి నుంచీ అడుగుతూనే ఉంది. పెళ్లిళ్ల పేరయ్య కూడా అంతలా వెంటపడడు. దసరా సెలవులు మొదలైన రోజు నాకు విసుగొచ్చి సరే అన్నాను. పొద్దున్న టీ తాగుతూ సరే అంటే, మధ్యాహ్నం పప్పు ఉడికే వేళకు లేచి కూర్చుంది. తెర మీద రంగులు మారాయి. బొమ్మల మూలలు గుండ్రంగా అయ్యాయి. పలకరింపులో మర్యాద పెరిగింది. చెవులు మాత్రం పోయాయి.

చెవులేమిటో చెప్పాలి. నేను ఒడిశాలో, రాయగడలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. చర్చిలో మా తెలుగు సంఘం క్వయరు పాటలు రికార్డు చేసే పని కూడా నాదే. కరోనా రోజుల్లో చర్చి మూసేసినప్పుడు నా నెత్తిన పడింది, ఇంకా దిగలేదు. లాప్‌టాప్‌కు మైకు తగిలించి, రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ తెరిచి, ఎర్ర గుండీ నొక్కితే, పాడే గొంతును బట్టి తెర మీద ఒక గీత ఎగుడుదిగుడుగా పరుగెడుతుంది. కొత్త వెర్షన్ పెట్టాక ఆ గీత స్కేలుతో గీసినట్టు ఉండిపోయింది. మైకు ముందు పాడినా అదే గీత, దగ్గినా అదే గీత, తిట్టినా అదే గీత.

మా అప్ప హెడ్‌ఫోన్లు తీసి ఆ గీతను చూసింది. "పోయేడమ్మీ పేషెంటు," అంది.

మావైపు అక్కను అప్ప అంటాం. అప్ప కొరాపుట్ జిల్లాలో నర్సుగా చేసి రిటైరైంది. ఇంట్లో మేమిద్దరమే. రిటైరైనా వార్డు మాత్రం వదల్లేదు, ఇప్పుడు ఆ వార్డులో ఉన్న పేషెంటును నేనొక్కదాన్నే. ఇంటి చట్టాలన్నీ ఆవిడవే. అందులో మొదటి చట్టం ఫ్రిజ్ మీద, గాయాలకు వేసే తెల్ల ప్లాస్టరుతో అంటించి ఉంటుంది: ఏదడిగినా వద్దను. ఒకసారి ఎవడో బ్యాంకు నుంచంటూ ఫోన్ చేసి అప్పను ఏవేవో నొక్కించబోయాడు, చివరి నిమిషంలో తప్పింది. అప్పటి నుంచి ఫోను గానీ, కంప్యూటర్ గానీ ఏ అనుమతి అడిగినా వద్దు అనే చోట నొక్కడం మా ఇంటి ఆచారం. నేను కొత్త వెర్షన్‌కు సరే అన్నానని తెలిసి ఆ పూట నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ గీత కదలకపోతే ఏం కొంపలు మునిగాయని అడగొచ్చు. మునిగేది మా కొంపే. అప్ప మెడలో గడ్డ ఉంది. సూది పరీక్షలో అనుమానంగా వచ్చింది, తీసేయాలి, ఆలస్యం చేయకండి అని విశాఖపట్నంలో డాక్టరు చెప్పాడు. గొంతు నరం దాని పక్కనుంచే వెళుతుంది కాబట్టి ఆపరేషన్ తర్వాత గొంతు బొంగురుపోవచ్చు, చాలామందికి సర్దుకుంటుంది, ఎప్పుడో ఒకరికి అలాగే ఉండిపోతుంది అని కూడా చెప్పాడు. రాయగడ స్టేషన్లో దిగాక ప్లాట్‌ఫారం మీదే షరతు పెట్టింది.

"క్రిస్మస్ పాటలన్నీ నా గొంతుతో రికార్డు సెయ్యి. అవయ్యేకే నేను బండెక్కుతాను."

షరతులో న్యాయం లేకపోలేదు. క్రిస్మస్ ముందు మా వాళ్లు తెల్లవారకముందే ఇంటింటికీ తిరిగి పాడతారు. ఎత్తుపల్లాల సందుల్లో హార్మోనియం మోసేవాడు లేడు. ప్రతి గుమ్మం ముందూ అప్ప ఒక్కతే మొదటి ముక్క ఎత్తుకుంటుంది, ఆ గొంతు పట్టుకుని మిగతావాళ్లు అందుకుంటారు. ఆవిడ లేకపోతే మా క్వయరు ఎవరి శ్రుతిలో వాళ్లు పాడి, ఇంటివాళ్లను లేపడం వరకు బాగానే చేస్తుంది.

ఫోన్లో చేసేద్దాం అన్నాను. "ఫోన్లో నా గొంతు రేషన్ షాపు మైకులాగుంటాది," అని కొట్టిపారేసింది. క్వయరులో అందరూ తమ తమ ఫోన్లు తీసి చూపించారు. అప్ప అన్నిటినీ థర్మామీటరు చూసినట్టు చూసి తిరిగి ఇచ్చేసింది.

ఇక వైద్యం మొదలైంది. మనిషికి జబ్బు చేస్తే ఊళ్లో అందరూ డాక్టర్లే అంటారు, కంప్యూటర్‌కు చేస్తే అందరూ స్పెషలిస్టులు. ముందు పాస్టరుగారు వచ్చారు. లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి, మూగవాళ్లను మాట్లాడించినవాడు చెవిటి యంత్రానికి చెవులివ్వలేడా అని దీర్ఘంగా ప్రార్థించారు. ఆమెన్ అనేసరికి బ్యాటరీ అయిపోయింది.

తర్వాత మా క్వయరులో అందరికన్నా కింది గొంతు పాడే ఇంజనీరుగారు డొరగుడ నుంచి ఆదివారం పూట వచ్చాడు. అక్కడ ఫ్యాక్టరీలో పెద్ద మోటార్లు చూసే మనిషి, ఆయన కంటికి ఈ లాప్‌టాప్ ఆనలేదు. చుట్టూ తిరిగి చూసి, "ఎర్తింగ్ ప్రాబ్లం," అని తేల్చాడు. పెరట్లో మనిషి లోతు గొయ్యి తవ్వించాడు. బొగ్గు, ఉప్పు, రాగి తీగ వేసి పూడ్చి, మూడు బకెట్ల నీళ్లు పోయించాడు. గీత కదల్లేదు. పక్కనున్న మా మునగచెట్టు మాత్రం వారం తిరక్కుండా ఎండిపోయింది. పోనీ మీ లాప్‌టాప్ ఇవ్వండి అంటే, అది కంపెనీదట, అందులో కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ పెట్టనివ్వదట. అప్ప వరండాలో కూర్చుని ఆ తవ్వకమంతా చూసింది. "పోన్లే అమ్మీ, దేవుడికిష్టం నేదేమో," అంది. ఆ మాటలో విచారం కొంచెం తక్కువైనట్టు నాకు అప్పుడే అనిపించి ఉండాల్సింది. అనిపించలేదు, నా దృష్టంతా మునగచెట్టు మీద ఉంది.

బజార్లో కంప్యూటర్ షాపుకు తీసుకెళ్లాను. ఆ షాపాయనకు వచ్చిన వైద్యమంతా ఒడియాలో ఒకే మాట: "హెబొ, దీదీ, హెబొ." అవుతుంది అక్కా, అవుతుంది. లోపల దుమ్ము ఊదాడు. మైకును తన కంప్యూటర్‌కు తగిలించి హలో హలో అని, మైకు బంగారం అన్నాడు. నా లాప్‌టాప్ తెర మీద ఒక జలపాతం బొమ్మ పెట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే జలపాతం పక్కన అదే గీత. పోనీ ఆయన కంప్యూటర్లోనే రికార్డు చేద్దామంటే, అప్పను బజార్లో కూర్చోబెట్టి, స్కూటర్ల హారన్ల మధ్య పాడించలేను గదా.

చివరికి నేనే దిగాను. లెక్కల టీచర్ని, మెట్టు మెట్టుగా వెళితే లెక్క తేలకపోదు అనే మొండితనం ఉంది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ పెట్టాను. పాతది పెట్టాను, ఇంకా పాతది పెట్టాను. అర్థం తెలియని అంకెలన్నీ మార్చి చూశాను. ఇంటర్నెట్‌లో ఎక్కడో ఒకాయనకు అచ్చం ఇదే జబ్బు చేసింది. పదిమంది పది మందులు చెప్పారు. కింద చివర్లో ఆయన, "సరిపోయింది, థ్యాంక్స్," అని రాసి వెళ్లిపోయాడు. ఎలా సరిపోయిందో చెప్పకుండా పోయిన ఆ మహానుభావుడి ఏడు తరాలనూ నేను తలుచుకున్నాను.

ఈలోగా దీపావళి వచ్చింది. విశాఖకు టికెట్లు తీయడం, అప్ప గీత వైపు చెయ్యి చూపించడం, టికెట్లు రద్దు చేయడం. ఆస్పత్రి వాళ్లు ఫోన్ చేస్తే మా కంప్యూటర్ బాగాలేదండీ అని చెప్పాను. అటువైపు అమ్మాయి పేషెంటు పేరు మళ్లీ అడిగింది. రాత్రి అప్ప నిద్రపోయాక ఆవిడ మెడ వైపు చూడటం నాకు అలవాటైపోయింది. గడ్డ పెరిగిందా, నాకే అలా కనిపిస్తోందా తెలిసేది కాదు. భయంగా ఉండేది. ఆ భయాన్నంతా పగలు లాప్‌టాప్‌ను తిట్టడంలో వాడుకునేదాన్ని.

ఒకరోజు ట్రైనింగ్ పని మీద కొరాపుట్ బండెక్కాను. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లతో ఫోన్లో చాటింగ్ మొదలుపెట్టాను. అటువైపు ఉన్నది మనిషో మరమనిషో తెలియదు గానీ మర్యాద మాత్రం పాస్టరుగారిని మించి ఉంది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, ఆపి మళ్లీ ఆన్ చేశారా అని అడిగింది. చేశాను అన్నాను. మీ ఓపికకు ధన్యవాదాలు, ఆపి మళ్లీ ఆన్ చేశారా అంది. టికిరి స్టేషను దాటేదాకా ఇదే భజన. లక్ష్మీపూర్ దాటాక సొరంగాలొచ్చి సిగ్నల్ పోయింది. బండి కకిరిగుమ్మలో ఆగాక ఫోను ప్రాణం పోసుకుని, వచ్చి ఉన్న చివరి మెసేజ్ చూపించింది. కొత్త వెర్షన్‌లో ప్రతి సాఫ్ట్‌వేరూ మైకు వాడుకోవడానికి మొదటిసారి ఒక్కసారే అనుమతి అడుగుతుంది, తీసేసి మళ్లీ పెట్టినా అడగదు, మీరు సరే అని నొక్కారా?

ప్లాట్‌ఫారం మీద అనాసపళ్లమ్మే ఒకావిడ కిటికీలోంచి బుట్ట పైకెత్తి చూపిస్తోంది. నేను ఆవిడ వైపు చూస్తున్నాను గానీ నాకు మా వంటిల్లు కనిపిస్తోంది. కొత్త వెర్షన్ పెట్టిన మధ్యాహ్నం సాఫ్ట్‌వేర్ తెరిచి, ఎర్ర గుండీ నొక్కి, కుక్కర్ కూత వేస్తే స్టవ్ ఆపడానికి లేచి వెళ్లాను. లాప్‌టాప్ ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నది అప్ప. నేను తిరిగొచ్చేసరికి పేషెంటు పోయాడు.

వెంటనే ఫోన్ చేశాను. "అప్పా, ఆ రోజు నేను కుక్కర్ కట్టేయడానికెల్లినప్పుడు కంప్యూటర్ ఏటైనా అడిగిందా?"

"సిగ్నల్ బాగాలేదమ్మీ," అని పెట్టేసింది. రాయగడలో మా ఇంటి ఎదురుగానే సెల్ టవరు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటే ఏమిటో కొరాపుట్‌లో ఆ పూటంతా కూర్చుని అనుభవించాను. గొయ్యి తవ్వించాం, చెట్టును చంపుకున్నాం, దేవుణ్ణి పిలిచాం. ఫ్రిజ్ మీద కాగితం మాత్రం చూడలేదు. ఇలాంటి తప్పు ప్రపంచంలో మా ఇంట్లో తప్ప జరగదు. తిరుగు బండిలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను కూడా. పాపం, అలవాటు కొద్దీ నొక్కేసింది, చెప్పడానికి సిగ్గుపడింది అనుకున్నాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అప్ప బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు. లాప్‌టాప్ తెరిచి, అనుమతులుండే చోటు వెతికాను. మా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పేరు ఎదురుగా చిన్న స్విచ్చు, ఆఫ్‌లో ఉంది. ఆన్ చేశాను. మూసి మళ్లీ తెరవమంటే తెరిచాను. ఎర్ర గుండీ నొక్కి, మైకును బల్ల మీదికి జరిపి, అప్పుడు అప్ప వైపు తిరిగాను.

"అడిగింది గదా?"

"అడిగింది. వద్దన్నాను. ఏదడిగినా వద్దనమన్నాం గదా."

"మరి తర్వాతైనా సెప్పొద్దా?"

"మొదట్లో నాకూ తెల్దు. ఆ ఇంజనీరు గొయ్యి తవ్విస్తుంటే గుర్తొచ్చింది."

"గొయ్యి తవ్వినప్పట్నుంచీ తెలుసా! మరి సెప్పలేదేటి అప్పా?"

అప్ప చేతిలో చిక్కుడుకాయ కింద పెట్టింది. "సెప్తే గీత కదుల్తాది. కదిల్తే పాడాల. పాడితే బండెక్కాల."

కోపం నషాళానికి అంటింది. ఎన్ని వారాలు పోయాయో నాకు తెలుసు, ఆవిడకు ఇంకా బాగా తెలుసు. నువ్వొక నర్సువా అని అరిచాను. ఎంతమందికి చెప్పి ఉంటావు, ఏం భయం లేదు, ఏమీ అవదు, పద పద అని. ఎంతమందిని కసిరి స్ట్రెచర్ ఎక్కించి ఉంటావు!

"అందుకేనే," అంది అప్ప. "అలగ సెప్పి పంపినోళ్లందర్నీ తిరిగొచ్చేక నేనే గదా సూసేను. భయమేస్తందమ్మీ. గొంతు పోతే నేనేటి మిగుల్తాను?"

ఏడుపొచ్చి మొహం తిప్పుకుంటే ఎదురుగా తెర. గీత కదులుతోంది. మేం మాట్లాడినంతసేపూ అది కదులుతూనే ఉంది, నేను అరిచిన చోట పెద్ద పెద్ద కొండలు, ఆవిడ మాటల దగ్గర చిన్నచిన్న గుట్టలు. అప్ప కూడా చూసింది. చాలాసేపు చూసి, "పేషెంటు లేచేడు," అంది. చేతులు కడుక్కొచ్చి, మైకు ముందు కూర్చుని, మొదటి పాట ఎత్తుకుంది.

ఆ వారంలో పాటలన్నీ అయ్యాయి. ఆ వారాంతానికి బండెక్కింది. ఆస్పత్రిలో చిన్న నర్సొకతె వచ్చి, ఏమీ అవదు ఆంటీ, పదండి అంటే, అప్ప ఆ పిల్ల మొహం వైపు తేరిపార చూసింది గానీ వద్దనలేదు. గడ్డ చెడ్డదే అని తర్వాత తేలింది. ఇప్పటికైనా వచ్చారు, ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే అని డాక్టరు మొదలుపెట్టి, నా మొహం చూసి అక్కడితో ఆపాడు.

గొంతు బొంగురుపోయింది. సర్దుకుంటుందంటున్నారు, చూడాలి. డిసెంబరులో క్వయరు మా ఇంట్లోనే చేరి, స్పీకరులో అప్ప గొంతు పెట్టుకుని సాధన చేసింది. అప్ప వెనక కుర్చీలో కూర్చుని, తప్పు పాడినవాళ్ల వైపు వేలు చూపిస్తూ ఉండేది. గొంతు లేకపోయినా వార్డు నడిచింది. ఇంజనీరుగారైతే ఇదంతా ఎర్తింగ్ చలవే అని ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు.

అందరూ వెళ్లాక ఒకరోజు అనవసరమైన రికార్డింగులు తీసేద్దామని కూర్చున్నాను. అప్ప పక్కన కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. గీత కదిలాక చేసినవాటిలో అన్నిటికన్నా ముందున్నది పాట కాదు, ఆ సాయంత్రం మా పోట్లాట. నా అరుపులు, చిక్కుడుకాయల చప్పుడు, చివర్లో భయమేస్తందమ్మీ అన్న మాట. అప్ప కళ్లు మూసుకుని ఆఖరుదాకా విన్నది.

తీసేయనా అని కంప్యూటర్ అడిగింది. నేనూ అదే అడిగాను.

గాలి తప్ప గొంతు లేని మాటతో, "వద్దు, ఉండనీయమ్మీ," అంది. "దాంట్లో నా గొంతు బాగుంది."