సీట్లు లేని బండి, చూడని మేనమామ

పెళ్లి చెడగొట్టుకోవడానికి మగవాడికి చాలా దారులున్నాయి. తాగి గొడవ చేయొచ్చు, పేకాటలో దొరకొచ్చు, పెళ్లిచూపుల్లో పిల్లను వదిలేసి ఫోను చూసుకోవచ్చు. నేను అంత కష్టపడలేదు. మంచి కారు అమ్మి చౌక కారు కొన్నాను. ఆ ఒక్క పనితో జనగామలో దివాలా తీసినవాడినయ్యాను, మహబూబాబాద్‌లో అబద్ధాలకోరునయ్యాను, భూపాలపల్లి దాటగానే బియ్యం దొంగనయ్యాను. మూడు జిల్లాల్లో పేరు తెచ్చుకోవడానికి నాయకులకు జీవితకాలం పడుతుంది. నాకు ఒక కారు సరిపోయింది.

అప్పటికి నా వయసు ముప్పైకి ఈవల, బుద్ధి పదికి ఈవల. మాది జనగామలో బియ్యం హోల్‌సేల్ దుకాణం. బస్తాల మధ్య పుట్టి బస్తాల మధ్య పెరిగినవాడికి ఏ కోరికలు ఉండాలో అవి కాకుండా నాకు కారు కోరిక పుట్టింది. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాను. రెండే తలుపులు, నేలకు జానెడు ఎత్తు. జనగామలో దానిలాంటిది ఇంకొకటి లేదు, ఎందుకంటే జనగామలో స్పీడ్ బ్రేకర్లున్నాయి. ఒక్కొక్కదాన్ని అడ్డంగా, వంకరగా, దేవుడి పేరు తలుచుకుంటూ దాటేవాణ్ణి. పత్తి మార్కెట్ ముందు ఆపితే రైతులు బేరం ఆపి చూసేవారు. మహబూబాబాద్‌లో పెళ్లిచూపులకు దాంట్లోనే వెళ్లాను. పిల్ల పేరు స్రవంతి, బడిలో లెక్కలు చెప్తుంది. నేను కారు దిగుతుంటే తల పైకప్పుకు కొట్టుకుంది. ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. నేను అక్కడికక్కడే పడిపోయాను, మనసులోనే లెండి. వాళ్లూ సరే అన్నారు. నిశ్చితార్థానికి ముహూర్తం చూస్తామన్నారు.

ఇక్కడి దాకా బాగానే ఉంది కదా. సరిగ్గా అప్పుడే ఒక స్నేహితుడు నన్ను రేసు ట్రాక్‌కు తీసుకుపోయాడు. ట్రాక్ అంటే ఏం లేదు, అదీ రోడ్డే. కాకపోతే ఎదురు బండి రాదు, బర్రె అడ్డం రాదు, స్పీడ్ బ్రేకర్ ఉండదు. జనగామవాడికి అంతకన్నా స్వర్గం ఏముంటుంది. కానీ ఆ స్వర్గంలో నేను నిండు బిందె నెత్తిన పెట్టుకున్నట్టు తోలాను. గీత పడుతుందేమో, టైరు అరుగుతుందేమో, బ్రేకు కాలుతుందేమో. ఒక మూల తిరిగేసరికి రంగు పోయిన ముసలి చిన్న కారు ఒకటి నన్ను దాటేసింది. మళ్లీ వచ్చి మళ్లీ దాటింది. దిగి చూస్తే దాన్ని తోలినాయన పళ్లు పీకే డాక్టరు, యాభై దాటిన మనిషి.

"బాబూ, ఆ ఎర్రదాన్ని ఇంట్ల పెట్టి చూసుకో," అన్నాడాయన. "తోలాలంటే మాత్రం పోయినా ఏడ్వని బండి కావాలె."

ఆ మాట నాకు ఉపదేశంలా తగిలింది. ఆయన తన బండి అమ్మేస్తున్నాడని కూడా అదే నోటితో చెప్పాడు. ఉపదేశం చేసినవాడే సరుకు కూడా అమ్ముతుంటే అనుమానించాలని మీకు తెలుసు, నాకు తెలియదు. నెల తిరగకుండా ఎర్ర కారు పోయింది, ఆ చౌక బండి మా ఇంటి ముందుకొచ్చింది.

దాన్ని వర్ణించాలి, లేకపోతే తర్వాత జరిగింది మీరు నమ్మరు. వెనక సీట్లు లేవు, పీకేశారు. కింద తివాచీ లేదు, ఏసీ లేదు, తలుపులకు లోపల అట్ట లేదు. బోల్తా పడితే తల పగలకుండా లోపలంతా ఇనుప గొట్టాలు బిగించి ఉన్నాయి. తలుపు మీద ఒకప్పుడు నంబరు అంటించిన తెల్ల గుండ్రం మిగిలింది. స్టార్ట్ చేస్తే వీధిలో పిండి గిర్నీ తెరిచినట్టు చప్పుడు, వెనక నుంచి పొగ. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నా బండికి ఆ నియమం వర్తించదు.

అమ్మ చుట్టూ తిరిగి చూసింది. "గిదేంది బిడ్డా, లోపల ఏం లేదు."

"బరువు తీసేసిన్రమ్మా. తేలిగ్గ ఉంటే ఉరుకుతది."

"బరువుతోని పాటు బుద్ధి గూడ తీసేసిన్రా?"

నాయిన కిటికీలోంచి తొంగి చూసి ఇనుప గొట్టాలు తడిమాడు. "కోళ్లు పెడతవా, మేకలు పెడతవా?" అని మాత్రం అడిగాడు.

వాళ్ల వెటకారం భరించొచ్చు. నా భయం వేరే. రేసులంటే పెళ్లివాళ్లు పిల్లనిస్తారా? ఆ రోజుల్లో నా ప్రాణం అంతా ఆ సంబంధం మీదే ఉంది. స్రవంతి పెదవి కొరుక్కోవడం కళ్ల ముందు నుంచి పోవడం లేదు. కాబట్టి ఆమె ఫోను చేసినప్పుడు తెలివైనవాడు చేయాల్సిన పని చేశాను, అంటే అబద్ధం చెప్పాను.

"మా బాపు అడుగుతున్నడు, మీ ఎర్ర కారు కనిపిస్తలేదంట. ఎవరో చెప్పిన్రంట."

"సర్వీసింగుకు ఇచ్చిన. హైదరాబాద్ పోయింది."

"ఎన్ని రోజులు చేస్తరు సర్వీసింగు?"

"పెద్ద బండి కద. టైం పడ్తది."

"చిన్నగుంటది కద ఆ బండి."

లెక్కల టీచరుతో అబద్ధం ఆడకూడదని ఆ రోజే తెలుసుకోవాల్సింది. ఆమె గొంతులో అనుమానం మొలిచింది, నాకు వినిపించింది కూడా. అటేడు తరాలు ఇటేడు తరాలు చూసి పిల్లనివ్వాలంటారు. ఇప్పుడు ఎవరూ తరాలు చూడడం లేదు, అటేడు బండ్లు ఇటేడు బండ్లు చూస్తున్నారు.

ఆ వారం నుంచే ఒక మనిషి కనిపించడం మొదలుపెట్టాడు. నడివయసు, గళ్ల చొక్కా, పాత తెల్ల జీపు. నేను టీ తాగుతుంటే పక్క హోటల్లో టీ తాగుతున్నాడు. పెట్రోలు బంకులో ఆగితే గాలి కొట్టించుకుంటున్నాడు. రైల్వే స్టేషన్ వైపు మలిగితే ఆయనా మలిగాడు. మా దుకాణంలో ఏళ్ల తరబడి బస్తాలు మోస్తున్న యాకయ్యను అడిగాను.

"ఆ జీపు మనిషెవలో ఎరుకేనా యాకన్నా?"

"ఎరుకలేదు గని, నీ గురించే అడుగుతున్నడు."

"ఏమడిగిండు?"

"బండ్ల ఎన్క సీట్లెందుకు లేవని అడిగిండు."

"నువ్వేం చెప్పినవ్?"

"సామాను బాగ పడ్తదని తీసేసిండేమో అన్న. తప్పా?"

తప్పు కాదు, నా కొంప ముంచే మాట అంతే. కానీ నాకు అప్పుడు తోచింది వేరు. ఇనుప గొట్టాల బండి విలువ తెలిసిన దొంగ ఎవడో వచ్చాడు, నా బండి ఎత్తుకుపోతాడు. అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. నా భూతానికి గళ్ల చొక్కా కూడా ఉంది. ఆ రోజు నుంచి బండిని గోదాములో పెట్టి టార్పాలిన్ కప్పాను. బయటికి తీస్తే ముందు వీధి చివరిదాకా నడిచి చూసొచ్చేవాణ్ణి. దుకాణానికి రోజుకొక సందులోంచి వెళ్లేవాణ్ణి. దొంగ నుంచి తప్పించుకునేవాడు అచ్చం దొంగలాగే నడుస్తాడని నాకు ఎవరు చెప్పాలి? మీరైనా అప్పుడు జనగామలో ఉండి చెప్పాల్సింది.

ఇంతలో అమ్మ ఒక పని చెప్పింది. "పిల్ల మేనమామ భూపాలపల్లిల ఉంటడు. చూపులకు రాలే ఆయన. ఆ ఇంట్ల ఆయన మాటే మాట. నువ్వు పోయి కాళ్లకు దండం పెట్టి, మన దుకాణంల మంచి సన్నబియ్యం ఒక సంచి ఇచ్చి రా." నంబరు తనే నా ఫోనులో పెట్టించింది, 'పిల్ల మేనమామ' అని. పేరు కూడా చెప్పింది. నేను బండి ఇంజను ఆయిలు గురించి ఆలోచిస్తూ విన్నాను కాబట్టి అది నా తలలో నిలవలేదు.

బియ్యం ఒక సంచి చాలు. కానీ సీట్లు లేని బండి గుంతలో పడితే వెనక భాగం కప్పలా ఎగురుతుంది. వెనక బరువుంటే అణిగి ఉంటుందని ఇంకో రెండు సంచులు వేయించాను. మా దుకాణం ముద్ర ఉన్న సంచులు ఆ రోజు అయిపోయాయి, ఏ పేరూ లేని తెల్ల సంచుల్లో పోయించాను. యాకయ్య వేస్తూ వేస్తూ వీధిలోకి చూశాడు. తెల్ల జీపు అక్కడే ఉంది.

హన్మకొండ దాటాను, జీపు వెనకే. పరకాల దాటాను, వెనకే. ట్రాక్ మీద నేర్చుకున్న విద్య చూపిద్దామనుకున్నాను గానీ, ఆ బండి గుంతలకు పుట్టినది కాదు, జీపు గుంతల కోసమే పుట్టింది. నేను గుంత చుట్టూ తిరిగేలోపు అది గుంతలోంచే వచ్చేసేది. భూపాలపల్లి వచ్చింది. ఇప్పుడు నేను మేనమామ ఇంటికి మలిగితే దొంగను నేరుగా ఆయన గడపకు తీసుకుపోయినట్టవుతుంది. పెళ్లి కాకముందే ఆ అప్రతిష్ట ఎందుకని, ఊళ్లోకి మలగకుండా మహదేవపూర్ దారి పట్టాను. లారీల మధ్య జీపును తప్పించి వెనక్కి రావచ్చని నా పథకం.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. ఆ దారి గోదావరికి పోతుంది, గోదావరి దాటితే మహారాష్ట్ర. రేషన్ బియ్యం దొంగచాటుగా అటు పోతుందని ఆ ప్రాంతంలో పసిపిల్లకూ తెలుసు. సీట్లు పీకిన కారు, పేరు లేని సంచులు, నది వైపు ప్రయాణం. నేను మాత్రం అద్దంలో జీపును చూసుకుంటూ హాయిగా పోతున్నాను.

అడవి మొదలయ్యే చోట పోలీసులు బండ్లు ఆపి చూస్తున్నారు. ప్రాణం లేచొచ్చింది. ఎస్సై పిలవకముందే దిగి ఆయన దగ్గరికి ఉరికాను.

"సార్, ఎన్క జీపుల దొంగ వస్తున్నడు. పట్టుకోండ్రి."

జీపు వచ్చి ఆగింది. గళ్ల చొక్కా దిగి ఆయనా ఉరికొచ్చాడు. "సార్, గీ కార్ల రేషన్ బియ్యమున్నయి. పట్టుకోండ్రి."

ఎస్సై ఇద్దరినీ చూశాడు. ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి బండి తలుపు తీయించాడు. బియ్యం కనిపించాయి. గళ్ల చొక్కా నా వైపు చూసిన చూపులో కోపం కన్నా బాధ ఎక్కువ ఉంది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

"యాడికి తీస్కపోతున్నవ్?" అన్నాడు ఎస్సై.

"భూపాలపల్లికి సార్."

"భూపాలపల్లి ఎన్కకు పోయింది కద."

"మలుగుదామనుకున్న సార్. ఇయన ఎన్కబడ్డడని మలగలే."

"ఎవలకు బియ్యం?"

"మామకు సార్. కాబోయే భార్య మేనమామకు."

బెంచీ మీద పక్కనున్న మనిషి ఒక్కసారి కదిలాడు. "అబద్ధం సార్," అన్నాడు. "పెద్దమనుషుల పేరు చెప్పి తప్పించుకుంటున్నడు."

"మామ పేరేంది?" ఎస్సై అడిగాడు.

"యాదికొస్తలేదు సార్."

"ఎట్లుంటడు?"

"చూడలే సార్."

"ఒక మామకు మూడు సంచులా?"

"ఒకటే సార్. రెండు బండి ఎగురకుంట."

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. వాడు నాకన్నా నయం, కనీసం దూడ అనేది ఒకటి ఉందని అందరికీ తెలుసు. ఎస్సై మీసం దువ్వుకుని, "ఆ మామకు ఫోన్ చెయ్యి, నా ముంగట," అన్నాడు.

'పిల్ల మేనమామ' అని నొక్కాను. మోగింది. నా చెవిలో ఒకసారి, నా పక్కన ఒకసారి. గళ్ల చొక్కా జేబులో ఏదో భక్తి పాట మొదలైంది. ఆయన ఫోను తీసి చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోను చూసి ఎత్తాడు.

"హలో, ఎవలు?"

"మామా, నేను జనగామ శ్రీకాంత్‌ను. మీకు బియ్యం తెస్తున్న."

"యాడున్నవ్?"

"మీ పక్కకే."

అక్కడ నవ్వని ఖాకీ చొక్కా లేదు. ఎస్సై సంచి విప్పి గింజ కొరికి, "గిది రేషన్ బియ్యం కాదు, పాత సన్నాలు," అని ఇద్దరినీ పొమ్మన్నాడు. మేమిద్దరం రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆయన పేరు వీరేశం అని అప్పుడు గుర్తొచ్చింది. కాళ్లకు దండం పెడితే వద్దనలేదు, దీవించనూ లేదు.

"నీ సంగతేందో చూసి రమ్మని మా బావ తోలిండు. ఎర్ర కారేమైంది?"

"అమ్మిన మామా. ట్రాక్ మీద తోలనీకె గిది కొన్న."

"సర్వీసింగన్నవంట."

"రేసులంటే పిల్లనియ్యరని భయమైంది."

"మల్ల బండిని గోదాముల దాచుడేంది, సందులల్ల తిరుగుడేంది?"

"మీరు నా బండి ఎత్తుకపోయే దొంగనుకున్న."

ఆయన బండి వైపు తిరిగాడు. ఇనుప గొట్టాలు చూశాడు, ఇంకా ఆరని పొగ చూశాడు. "గీ బండినా?" అన్నాడు. జేబులోంచి ఫోను తీశాడు. అంతా అయిపోయింది, సంబంధం గోదాట్లో కలిసింది అనుకున్నాను. నిజంగా ఏడుపొచ్చింది. స్రవంతికి ఒక్క మాట నిజం చెప్పి ఉంటే ఈ బెంచీ, ఈ జీపు ఏవీ ఉండేవి కావు.

ఆయన మహబూబాబాద్‌కు ఫోను కలిపాడు, స్పీకర్ పెట్టాడు. అటువైపు నా కాబోయే మామగారు ఆదుర్దాగా, "పిలగాడు దొంగేనా వీరేశం?" అన్నాడు.

"కాదు బావ, దొంగ కాదు," అన్నాడు మేనమామ నన్ను పైనుంచి కిందిదాకా చూస్తూ. "దొంగతనానికి జరంత తెలివి కావాలె. ఇయనకు ఆ గుణమే లేదు. ఏ భయం లేకుంట పిల్లనియ్యచ్చు."

అట్లా నా పెళ్లి కుదిరింది. మొగుడి తెలివితక్కువతనాన్ని పుట్టింటివాళ్లు ముందే పరీక్ష చేసి నిర్ధారించిన అదృష్టవంతురాలిని నేనని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు చెప్తుంది. కాబట్టి పాఠక మహాశయులారా, అగ్నిసాక్షిగా చేసిన ప్రమాణాల కన్నా గట్టిగా ఇప్పుడు మీ ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నేను బండి మార్చాలనుకుంటే ముందు మేనమామకు చెప్తాను, తర్వాత మామగారికి, ఆ తర్వాత భార్యకు, వాళ్లు ముగ్గురూ ఒప్పుకుంటే నాకు కూడా చెప్పుకుంటాను. చుట్టాలకు బియ్యం మాత్రం, ప్రాణం పోయినా సరే, ఆర్టీసీ బస్సులోనే పంపుతాను.