తాతను మాట్లాడనివ్వని ఇంటర్వ్యూ

నాకు లెక్చరర్ ఉద్యోగం ఇవ్వాలో వద్దో తేల్చే గదిలో, నా పరువును నా చేత్తోనే స్పీకర్లో పెట్టి వినిపించాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. అక్కడ వాళ్లూ నవ్వారు.

భిలాయి ఉక్కు కర్మాగారంలో రిటైరైన కొలిమి కార్మికుల జీవితాల మీద పీహెచ్‌డీ చేశాను. అంటే అక్కడి సెక్టర్ 2 కాలనీలో తెలుగు తాతల ఎదుట కూర్చుని వాళ్ల మాటలు రికార్డు చేయడం. ఆ థీసిస్ పట్టుకుని ఒక కాలేజీకి వెళ్లాను. ఎదురుగా ముగ్గురు; వాళ్లలో పెద్దావిడకే తెలుగు వచ్చు. "నేనెంత ఓపికగా వింటానో మీరే వినండి" అని గొప్పగా చెప్పి, కత్తిరించి పెట్టుకున్న రెండు నిమిషాల ముక్కకు బదులు మొత్తం రికార్డింగు నొక్కేశాను.

ముందు నా గొంతే. చరోదా రైల్వే యార్డులో గూడ్సుబండంత పొడవు ప్రశ్న.

"ఏటమ్మా?" అన్నాడు అప్పలస్వామి తాత.

రికార్డింగులో జవాబూ నేనే చెప్పాను. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు; నా దగ్గర చెప్పేవాడే లోకువైపోయాడు. మూడో ప్రశ్నకి తాత అన్నాడు: "నువ్వే అడుగుతన్నావు, నువ్వే సెప్పేస్తన్నావు. ఇది నా ఇల్లే గానీ, నాను బైటికెళ్లి కూకోనా?"

పెద్దావిడ నవ్వారు. ఆవిడ హిందీలో చెప్పాక మిగతా ఇద్దరూ నవ్వారు. అంటే నా పరువు రెండు విడతల్లో పోయింది. ఆపబోతే, "ఉండనీండి" అన్నారావిడ.

తాత గొంతు సాగింది. "తొలిరోజు కొలిమి నోరు తెరిసినారు. ఇనుము ఏరులాగొచ్చేస్తంది. నాకేటీ తోచక, బూట్లిప్పీసి దండమెట్టీసినాను. ఫోర్‌మేన్ తిట్టినాడు, ముందు బూట్లు తొడుక్కోరా, దేవుడెక్కడికీ పోడని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆవిడ దాన్ని మెల్లగా హిందీలో చెప్పారు. తాత ఆ మాట నా ఎదుటే అన్నాడు. నేను మాత్రం ఆ గదిలోనే మొదటిసారి విన్నాను.

వెంటనే రికార్డింగులో నేను: "సరే తాతా, అదలా ఉంచండి. ప్రమోషన్ ఎన్నేళ్లకోసారి?"

"ఆ దండం థీసిస్‌లో ఏ పేజీలో ఉంది?" అని అడిగారావిడ.

"లేదు మేడం. ప్రమోషన్ల పట్టిక ఉంది."

ఆవిడ నా థీసిస్ పక్కన పెట్టారు. "ఉద్యోగమిస్తే మొదటి పాఠం ఇదే చెప్పాలి. ఈ రికార్డింగుతోనే."

ఇచ్చారు. మిఠాయి పట్టుకుని తాత దగ్గరికి పరుగెత్తాను.

"ఉద్యోగమంటే ఏటి సేస్తావమ్మా?"

"పాఠాలు చెబుతాను తాతా."

"అంటే నువ్వు మాటాడితే పిల్లలు ఇంటారు. పోన్లే, నీకొచ్చిన పనే దొరికింది."

దానికి నా దగ్గర మూడు జవాబులున్నాయి. కొలిమి సాక్షిగా ఒక్కటీ చెప్పలేదు. తాతలు మాట్లాడుతుంటే ఈ జన్మలో ఇక నోరు తెరవను, మిఠాయి తినడానికి తప్ప.