వానలు పడ్డాక తవ్వుదామన్న గుంత

పోయిన నెల ఫోను బాగుచేయించుకుందామని నాందేడ్ స్టేషన్ రోడ్డులో అగ్గిపెట్టెంత దుకాణం ఒకదాని ముందు నిలబడ్డాను. దుకాణం ఆయన కాలుతున్న సోల్డరింగ్ కడ్డీ మొనను పేస్టులో అద్దగానే సన్నటి తెల్ల పొగ మెలిక తిరుగుతూ లేచి నా మొహానికి తగిలింది. కాలిన గుగ్గిలంలా కొంచెం చేదుగా ఉండే ఆ వాసన, నాకు పదకొండేళ్లప్పుడు మా ఇంటి వాసన. ఫోను అక్కడే వదిలేసి, ఎదురుగా ఉన్న చెరుకురసం బండి దగ్గర బల్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

మా బస్తీలో సగానికి పైగా తెలుగు ఇళ్లే. బిలోలి, దెగ్లూర్ పల్లెల నుంచి తాతల కాలంలో బట్టల మిల్లు పనికని వచ్చి నిలిచిపోయిన వాళ్లం. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, బీడీ కార్ఖానా మున్షీతో హిందీ మాట్లాడుతూ, ఏ మాట ఏ భాషదో ఎరగకుండానే పెరిగాం. ఎండాకాలమంతా ప్రతి గడపలోనూ తడి గోనెలో చుట్టిపెట్టిన తునికాకు వాసన ఉండేది. పోలా పండుగనాడు మట్టి ఎడ్లకు మొక్కి నెయ్యి కారే పోలెలు తినేవాళ్లం. చలికాలంలో ఊరి నుంచి చుట్టాలు లేత జొన్న కంకులు మోసుకొస్తే పిడకల నిప్పులో కాల్చి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదేసి, వెల్లుల్లి కారంతో మూతి మండేదాకా నమిలేవాళ్లం. అమ్మ, మా మేనత్త గంగత్త పొద్దున లేచింది మొదలు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. మిల్లులో కరెంటు పని చేసిన మా నాన్న, బాపు, అది మూతపడ్డాక ఇంటి ముందు బల్ల వేసుకుని రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసేవాడు.

అట్లాంటి బాపు దగ్గరికి ఒక చలికాలం పొద్దున మా బడి టీచరు వచ్చింది. అందరం ఆమెను బాయి అనేవాళ్లం. పుణెలో ఏవో ఆఫీసుల వాళ్లు పాతబడిన కంప్యూటర్లు పారేస్తుంటే అడిగి తెచ్చిందట. వాటిని నడిచేటట్టు చేసి బస్తీవాళ్లంతా కలుసుకునే సమాజ మందిరంలో పెడితే ఆడపిల్లలు, బీడీలు చుట్టే తల్లులు నేర్చుకుంటారని ఆమె ఆశ. "నర్సింగ్ భావూ, నాకు తెరవడం కూడా రాదు, మీరే దిక్కు" అంది మరాఠీలో. బాపు ఆ రోజు దాకా కంప్యూటరును ముట్టుకోలేదు. అయినా "చూస్త" అన్నాడు.

టెంపోలో గడ్డి మధ్య పేర్చి వచ్చిన ఆ పెట్టెలు మా ఇల్లంతా నిండిపోయాయి. మూత తీస్తే లోపల బూడిద రంగు దుమ్ము పరుపులా పేరుకుని ఉండేది. పాత చీరపేలికలతో తుడిచి, బొద్దింకల పెంకులు దులిపి, చచ్చిన మూడింటిలోని భాగాలు కలిపి బతికే ఒకదాన్ని తయారుచేసేవాడు బాపు. పనికిరాని కీబోర్డుల మీటలు పీకి మాకిస్తే, నేనూ గంగత్త కూతురు పుష్పా వాటిని కాయలు చేసుకుని అష్టాచెమ్మా ఆడేవాళ్లం. ఆ ముసలి యంత్రాలు కొత్త సాఫ్ట్‌వేర్ మోయలేవని, ఎవరైనా తీసుకుని, ఎవరికైనా ఇవ్వగలిగిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుందని బాయి ఎక్కడి నుంచో సీడీలు తెప్పించింది. దాన్ని ఎక్కించేటప్పుడు తెర మీద ఏ భాష కావాలని అడిగింది. ఆ జాబితాలో మరాఠీ ఉంది, కిందికి పోతే తెలుగూ ఉంది. బాపు కాసేపు ఆ గుండ్రటి అక్షరాలనే చూస్తూ కూర్చున్నాడు. మా బస్తీలో తెలుగు బడి లేదు. నేను చదివింది మరాఠీ. బాపుకు చిన్నప్పుడు ఊళ్లో ఎవరో నేర్పిన అక్షరాలు మాత్రం గుర్తున్నాయి. వాటిని చిన్న కాగితాల మీద రాసి మీటల మీద అంటించాడు. ఇప్పుడు నేను రాస్తున్న ఈ అక్షరాలు ఆ మీటల మీద నేర్చుకున్నవే.

మా అందరికంటే ముందు నేర్చింది గంగత్త. మొగుడు పోయిన మనిషి, బతుకంతా కాగితాల మీద వేలిముద్ర వేస్తూ వచ్చిన మనిషి. పొగాకు మరకల చూపుడువేలితో ఒక్కో మీట వెతికి వెతికి నొక్కేది. తన పేరు మొదటిసారి తెర మీద పడ్డప్పుడు నవ్వలేదు, ఏడవలేదు. "గిది నేనేనా తమ్మీ?" అని బాపును అడిగి, ఆయన అవునంటే, "మల్ల ఒకపారి కొడ్త" అంది.

మందిరంలో లోపం ఒకటే. దారితప్పిన కరెంటును నేలలోకి దింపేసే ఎర్తు లేదు. నేలలో లోతుగా గుంత తీసి, బొగ్గూ ఉప్పూ పోసి, తీగ దించాలి. బాపు బొగ్గు బస్తా, ఉప్పు బస్తా తెచ్చి మూలన పెట్టాడు కూడా. కానీ ఎండాకాలం నేల ఇనుములా గట్టిపడి ఉంది, గడ్డపార దించితే నిప్పులు రాలాయి. ఈలోగా మందిరం పెద్దలు ప్రారంభానికి ఒక నాయకుణ్ణి పిలిచారు, తేదీ పడింది. "వానలు పడ్డంక నేల మెత్తగైతది, అప్పుడు తవ్వుదం" అన్నాడు బాపు. ఆ మాట అన్నది ఆయనే, ఇంకెవరూ కాదు. అప్పటిదాకా జాగ్రత్తగా ఉండమని, చెప్పులు విప్పకుండా లోపలికి రమ్మని అందరికీ చెప్పాడు. పెట్టెను ముట్టుకుంటే కొంచెం జివ్వుమనేది. గుమ్మం దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లకు చెప్పుల సంగతి గుర్తుచేసే పని నాకు అప్పగించాడు.

ఆషాఢంలో తొలి వానే మూడు రోజుల ముసురై పట్టింది. రేకుల సందుల్లోంచి నీళ్లు కారుతుంటే ఆడవాళ్లు ఇనుప బల్లలను గోడ దగ్గరి నుంచి ఇవతలికి జరిపారు. ఒక బల్ల కాలు కరెంటు తీగ మీద కూర్చుని తొడుగు కోసిందని ఎవరూ చూసుకోలేదు. బాపు ఏదో సామాను కోసం బజారుకు పోయాడు. మధ్యాహ్నం గంగత్త వచ్చి గుమ్మం బయట చెప్పులు విడిచింది.

"అత్తా, చెప్పులు ఏస్కోని పో. బాపు చెప్పిండు" అన్నాను.

"సదువుల తల్లి ఇంట్లకు చెప్పులతోని పోతర బిడ్డా" అని నా నెత్తి మీద చెయ్యి వేసి లోపలికి పోయింది.

నేను ఇంకోసారి చెప్పలేదు.

కొంతసేపటికి తల తిప్పి చూస్తే ఎడమచేయి బల్ల అంచు మీద, కుడిచేయి మీటల మీద పెట్టి, మెడ కొంచెం వంచి కదలకుండా ఉంది. ఏదో అక్షరం వెతుకుతోందనుకున్నాను. అట్లా ఎంతసేపు అనుకున్నానో నాకు తెలియదు. పక్కనున్నామె కేక వేస్తే బాయి పరుగెత్తి మెయిన్ ఆపేసింది. తెరలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. గంగత్త పక్కకు ఒరిగి తడినేల మీద పడింది. రిక్షాలో వేసుకుని సర్కారు దవాఖానాకు తీసుకుపోయారు. అక్కడ డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు.

పంచనామా రాయడానికి పోలీసులు వచ్చినప్పుడు మందిరం పెద్దాయన బాపును పక్కకు పిలిచి, ఆమె గుండె బలహీనమని రాయిద్దామని, అట్లయితే ఎవరికీ ఇబ్బంది ఉండదని అన్నాడు. బాపు పోలీసు జమాదారు ముందుకు పోయి మరాఠీలో ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు. "ఎర్తు లేదు సాహెబ్. లేదని నాకు తెలుసు. అట్లనే రాయండి." గుమ్మం దగ్గర కూర్చున్న పిల్ల ఎవరని జమాదారు అడిగితే మాత్రం, "అక్కడ ఎవరూ లేరు" అన్నాడు. నాకు తెలిసి ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే.

కేసు చాలా ఏళ్లు నడిచి, చివరికి బాపునూ బాయినీ విడిచిపెట్టారు. అప్పటికే బాయి ఉద్యోగం మానేసి ఊరు విడిచిపోయింది. మందిరానికి తాళం పడి, రెండు వానాకాలాలు గడిచాక, చెదలు పట్టిన కంప్యూటర్లను తుక్కు బండిలో వేసుకుపోయారు. పుష్పను దెగ్లూర్‌లో ఉండే వాళ్ల చిన్నాయనలు తీసుకుపోయి పదహారేళ్లకే పెళ్లి చేసేశారు. మేనకోడల్ని చూడడానికి బాపు పోతే గడప తొక్కనివ్వలేదు. ఆ తర్వాత ఆయన సైకిలుకు గడ్డపార కట్టుకుని నాయ్‌గావ్ దాకా బడులు, అంగన్‌వాడీలు తిరిగి, అడగకపోయినా ఎర్తు గుంతలు తవ్వాడు. వానల దాకా ఆగుదామని ఎవరైనా అంటే వెంటనే గడ్డపార దించేవాడు. బాపు పోయి నాలుగేళ్లయింది.

ఇప్పుడు ఆ మందిరం లేదు. దాని మీదుగా రోడ్డు పోయింది. మా వీధి తెలుగువాళ్లు చాలామంది నిజామాబాద్ వైపు వెళ్లిపోయారు. మిగిలినవాళ్ల పిల్లలు నన్ను మరాఠీలోనే పలకరిస్తారు.

ఫోను తీసుకున్న మర్నాడు దెగ్లూర్ బస్సెక్కాను. పుష్ప ఇంటి ముందు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, కూర్చోమని పీట జరిపింది. పిల్లల గురించి, ఎండల గురించి మాట్లాడుకున్నాం. గుమ్మం దగ్గర కూర్చున్నది నేనేనని, రెండోసారి చెప్పలేదని చెప్పాను. వింది. ఒక కట్ట పూర్తిచేసి దారం చుట్టి, తలెత్తకుండా అడిగింది.

"ఆ దినం మా అమ్మ ఏం కొట్టింది అండ్ల?"

నీ పేరు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది.

"చూడలే పుష్పా. కరెంటు బందు చేస్తే తెర ఆరిపోయింది. అట్ల ఆరిపోయినంక ఆ రాత మల్ల దొరకదు."

"నా పేరు కొట్టిందని చెప్తవనుకున్న" అంది.

తర్వాత చాట పక్కన పెట్టి, కొంగుకు అంటిన పొగాకు దులుపుకుని, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.