మిలిటరీ అవ్వ కత్తి

పెనుకొండలో మా వీధిలో ఎవరు ప్రసవించినా, గాలి సోకకుండా బాలింత తలగడ కింద పెట్టే ఇనుము మిలిటరీ అవ్వదే. రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఆమె భర్త తెచ్చిన జర్మన్ సైనికుడి కత్తి అది. నేను పుట్టినప్పుడూ అదే కాపలా. దాని మీద హాన్స్ అని, పక్కనే ఇంటిపేరూ చెక్కి ఉండేవి.

"ఈయప్ప ఎవురో కనుక్కో నాయనా. ఇంతమంది బిడ్డల్ని కాసినాడు" అని కొంగుతో కత్తి తుడుస్తూ, నన్ను చూసినప్పుడల్లా అడిగేది.

హిందూపురం ఇంటర్నెట్ సెంటర్లో వెతగ్గా వెతగ్గా ఆచూకీ దొరికింది. పెళ్లి కాకముందే ఆ పిల్లవాడు యుద్ధంలో పోయాడు. ఆ సంగతి చెప్పగానే, కత్తి తుడుస్తున్న అవ్వ చెయ్యి ఆగింది.

ధర్మవరంలో నాకు కూతురు పుడితే అవ్వ బస్సెక్కి వచ్చింది. కత్తిని తలగడ కింద పెట్టి, వంగి మెల్లగా చెప్పింది:

"హాన్సూ, నీకు మనవరాలు పుట్టిండాది. చూసుకో నాయనా."