రెండుసార్లు ఓడిన ప్రసన్నకుమారి

ఎన్నికల్లో ఓడిపోయిన మగవాడు ఊళ్లో పెద్దమనిషి అవుతాడు. ఓడిపోయిన ఆడమనిషి మాత్రం నోరు మూసుకుని ఇంట్లోకి వెళ్లిపోవాలి. ఇది ఎవరు పెట్టిన రూలో తెలియదు గాని, ద్రాక్షారామం బస్సు ఆగే ఆ కాలవగట్టు ఊళ్లో అందరూ దాన్ని తు.చ. తప్పకుండా పాటించేవారు. అచ్చిబాబు గారినే చూడండి. సర్పంచిగా రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయారు. అయినా ఆయన ఎదురుపడితే జనం "ప్రెసిడెంటు గారూ" అనే పిలిచేవారు. కాఫీ హోటల్లో లేచి బెంచీ మీద చోటిచ్చేవారు. గట్టు తగాదా వస్తే ఆయన దగ్గరికే పరిగెత్తేవారు. గెలిచినవాడికి కూడా అంత మర్యాద జరిగేది కాదు.

ప్రసన్నకుమారి మొదటిసారి ఓడింది తొంభై అయిదులో. అప్పుడు సర్పంచి పదవి ఆడవాళ్లకు రిజర్వయింది. ఆమె వరండాలో మిషను వేసుకుని ఊళ్లో సగం మంది ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. లూథరన్ చర్చిలో స్త్రీల సమాజం కూటాలు నడిపేది. చదువుకుంది, నదురూ బెదురూ లేకుండా మాట్లాడుతుంది అని చాలామంది కలిసి ఆమెను నిలబెట్టారు. రైసుమిల్లు గుమాస్తా అయిన ఆమె భర్త శ్యాంబాబు కూడా అప్పుడు కాలరెగరేసుకుని తిరిగాడు.

పంచాయతీ ఓట్లు మధ్యాహ్నం ఒంటిగంటకే ముగుస్తాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ పోలింగు పొద్దున ఏం చేసిందనుకున్నారు? తన తరఫున కూర్చున్న ఏజెంట్లకూ, తన కోసం తిరుగుతున్న మగవాళ్లకూ పులిహోర కలుపుతూ, పప్పుచారు కాస్తూ వంటింట్లోనే ఉండిపోయింది. పోటీ చేస్తున్న మనిషి పొయ్యి దగ్గర! ఇంటికొచ్చినవాళ్లకు సరిగ్గా పెట్టకపోతే ఏమనుకుంటారోనని ఆమె భయం. ఊళ్లో ఆడవాళ్లూ అచ్చం అలాగే చేశారు. పెద్ద ఎలక్షన్లలాగే సాయంత్రం దాకా టైముందనుకున్నారు. వంటలు చేసి, మొగుళ్లకు పెట్టి, తలలు దువ్వుకుని, పెట్టెల్లో చీరలు తీసి కట్టుకుని వచ్చేసరికి స్కూలు గేటు మూసేశారు.

"మా ఓట్లన్నీ మీకేనండీ, ఇదేంటండీ ఇలా మూసేశారు!" అంటూ గేటు బయట మూగిన ఆడవాళ్లు, పులిహోర గిన్నెతో అప్పుడే వచ్చిన ఆమెను చుట్టుముట్టారు. సాయంత్రానికల్లా లెక్క తేలింది. అవతలి పక్షం నిలబెట్టినావిడ చేతిలో కొద్దిలో పోయింది.

మర్నాటి నుంచి జనం పరామర్శకు వచ్చినట్టు వచ్చారు. "మనకెందుకొచ్చిన గొడవ ప్రసన్నా, ఇంక వదిలెయ్" అన్నాడు శ్యాంబాబు. అచ్చిబాబు గారు ఓడినప్పుడల్లా ఈ జనానికి బుద్ధి లేదని తిట్టుకునేవారు. ప్రసన్నకుమారి మాత్రం తనకే తెలివి లేదనుకుంది. ఆ ఒక్క అనుకోవడంలోనే ఉంది తేడా అంతా. నాకు ఒళ్లు మండేదీ అక్కడే.

ఆమె మళ్లీ మిషను ముందు కూర్చుంది. జాకెట్లకు వచ్చిన ఆడవాళ్లు కొలతలు ఇస్తూ ఇస్తూ ఆనాటి సంగతే ఎత్తేవారు. పక్కవీధి వెంకటదుర్గ అయితే వచ్చినప్పుడల్లా అదే పాట. "చేపల పులుసు దింపి వెళ్లమన్నారక్కా మా అత్తగారు. లేకపోతే మా ఇంట్లో ఆడవాళ్ల ఓట్లన్నీ మీవే." ఒకరు కాదు, ఇద్దరు కాదు. వినగా వినగా ప్రసన్నకుమారికి మెల్లిగా అర్థమైంది. ఊరు తనని కాదనలేదు. ఊరికి వంట అవలేదు, అంతే. ఆ మాట తనకు తాను చెప్పుకోవడానికి ఆరేళ్లు పట్టింది.

రెండువేల ఒకటిలో పదవి జనరల్ అయింది. ప్రసన్నకుమారి ఎవరితోనూ అనకుండా వెళ్లి నామినేషను వేసి వచ్చింది. ఊరు ముక్కున వేలేసుకుంది. ఉపసంహరణకు ముందురోజు అచ్చిబాబు గారు నలుగురిని వెంటేసుకుని వచ్చారు. ఆయనా నిలబడ్డారు మరి, మూడోసారి.

"ఏమ్మా ప్రసన్నా, ఇది జనరల్ సీటు కదా. ఆడవాళ్ల సీటొచ్చినప్పుడు నిన్నే పెడతాంలే. ఇప్పటికి తప్పుకో."

"జనరల్ అంటే మగవాళ్లదని కాదు కదండీ."

"అది కాదమ్మా. ఓసారి ఓడిపోయావు. మళ్లీ ఎందుకు అల్లరవడం?"

"తమరు రెండుసార్లు ఓడిపోయారు కదండీ. తమర్ని తప్పుకోమని ఎవరైనా అన్నారాండీ?"

ఆయన కండువా దులుపుకుని లేచారు. వాళ్లు వీధి మలుపు తిరగ్గానే శ్యాంబాబు తల పట్టుకున్నాడు.

"మళ్లీ పోతే జనం నవ్వుతారు ప్రసన్నా. మిల్లులో నేను తలెత్తుకోవాలా వద్దా?"

"నవ్వనివ్వండి. ఈసారి గెలుస్తానని నేననడం లేదు. నిలబడకపోతే మాత్రం నా మొహం నేను చూసుకోలేనండీ." చేతిలో కత్తెర మిషను మీద పెట్టేసింది. "మీరు నాకో సాయం చెయ్యండి. పోలింగు రోజు మనింట్లో పొయ్యి వెలగదు. మీరు అలగకూడదు."

ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకూ అదే చెప్పింది. ముందురోజే వండి పెట్టుకోమంది. పొద్దున చద్దన్నం, ఆవకాయ చాలంది. హోటల్ దగ్గర మగవాళ్లు పడీ పడీ నవ్వారు. పోలింగు రోజు ఏడింటికల్లా ఆడవాళ్లు జుట్టు ముళ్లు వేసుకుని, ఇంట్లో చీరలతోనే వచ్చి స్కూలు చుట్టూ వరస కట్టేసరికి ఆ నవ్వులు ఆగిపోయాయి.

అయినా ఓడిపోయింది. కిందటిసారి కంటే చాలా ఎక్కువ ఓట్లే వచ్చాయి. కానీ జనరల్ సీటుకి ఆడమనిషేంటని మగవాళ్లు ఒక్కటైపోయారు. అచ్చిబాబు గారు గెలిచారు. "పట్టు వదల్లేదయ్యా, మనిషంటే అలా ఉండాలి" అని ఊరంతా మెచ్చుకుంది. ఆ నోళ్లతోనే ఆమెతో, "రెండుసార్లయింది, ఇంక చాల్లేమ్మా" అన్నారు. సిగ్గయినా వెయ్యలేదు ఎవరికీ.

ఆ సాయంత్రం వెంకటదుర్గ వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"మీరింక కష్టపడకండక్కా. వచ్చేసారి నేను నిలబడతాను. మీరు పక్కనుండి నడిపించండి చాలు."

ప్రేమతో అన్న మాటే. అందుకే లోతుగా గుచ్చుకుంది. ఒక్క క్షణం ఒప్పేసుకుందామనిపించింది ప్రసన్నకుమారికి. తప్పుకోవడానికి ఇంతకంటే గౌరవమైన దారి దొరకదు. శ్యాంబాబు గుమ్మంలోంచి ఆశగా చూస్తున్నాడు.

"నిలబడు దుర్గా. తప్పకుండా నిలబడు. కానీ నేను పక్కనుండను."

"అదేంటక్కా, కోపమొచ్చిందా?"

"కోపమెందుకే? నేనూ నిలబడతాను. అచ్చిబాబు గారికి మూడోసారి కలిసొచ్చింది. నాకింకా రెండేగా అయ్యాయి."

వెంకటదుర్గ తెల్లబోయింది. "మరి మనలో మనమే పోటీ పడితే ఎలాగక్కా?"

"ఏం, మగవాళ్లు పడటం లేదా? ఓడించు చూద్దాం" అంది ప్రసన్నకుమారి.