చిరుతకు చాటు

తెనాలి నుంచి వచ్చి అమీర్‌పేటలో కాపురం పెట్టిన ఫణీంద్ర, ముప్ఫై ఏళ్లుగా పంజగుట్టలోని ఓ చిన్న ఆఫీసులో జూలోని జంతువులకు ఇళ్లు గీస్తున్నాడు. ఇల్లు అనేది ఆయన మాట. కాగితం మీద ఎన్‌క్లోజర్ అని ఉంటుంది. ఇల్లు కట్టించుకునే మనిషి గోడ ఎత్తుగా ఉండాలంటాడు, ఎదుటివాళ్ల కిటికీ తన కిటికీకి సూటిగా పడకూడదంటాడు. జంతువు ఏమీ అడగదు. టికెట్ కొన్నవాడే అడుగుతాడు, మాకు బాగా కనబడాలని. ఈ ఇద్దరి మధ్యా నిలబడి నిలబడి ఆయన మోకాళ్లు అరిగిపోయాయి.

మోకాళ్ల మాట నిజమే. కొత్త చోటు గీసే ముందు నేల మీద బోర్లా పడుకుని, జంతువు కంటి ఎత్తు నుంచి బయటికి చూడటం ఆయన అలవాటు. తర్వాత జనం నిలబడే చోట ఓ కర్ర పాతి, మనిషి కంటి ఎత్తున మేకు కొట్టి, అక్కణ్ణించి పురికొస లాగుతాడు. అది అందని చోటే చాటు. అక్కడ జంతువు నిశ్చింతగా పడుకోవచ్చు. ఆ లెక్క కంప్యూటరు చిటికెలో చెప్పేస్తున్నా, పురికొస ఉండ మాత్రం ఆయన సొరుగులోనే ఉంది.

ఈసారి ఆ లెక్కే తప్పింది. ఊరి బయట ఓ ప్రైవేటు జూలో, బావిలో పడి దొరికిన ఆడ చిరుతకు ఆయన రాతిగోడతో చాటు కట్టించాడు. నెల తిరక్కుండానే అది పగలు తిండి మానేసింది. గోడకు అతుక్కుపోయి, తోక నాకి నాకి వెంట్రుకలు ఊడగొట్టుకుంది. చూడవచ్చినవాళ్లేమో బోను ఖాళీగా ఉందని గొడవ.

"ఫణి సార్, గోడ తీసి నాలుగు దిక్కుల అద్దం పెట్టమంటున్నరు" అన్నాడు ఆఫీసు యజమాని దుర్గేష్. "శుక్రవారం కల్లా డ్రాయింగ్ ఇయ్యాలె."

"గోడ తీసేస్తే అది బతకదండీ."

"నా ఫికర్ సుత జర చెయ్యుండ్రి సార్!"

మర్నాడు ఫణీంద్ర జూకి వెళ్లాడు. చిరుతను చూసుకునే దస్తగిరి ఆయన్ని జనం వెనక నిలబెట్టాడు.

"గా లైన్ చూడుండ్రి సార్. ఒక్కడన్న పిల్లను కింద నిలబెట్టిండా?"

ప్రతి తండ్రి భుజాల మీదా ఓ పిల్లో పిల్లాడో. ఏడడుగుల ఎత్తు నుంచి గోడ వెనకంతా వాళ్లకు కనిపిస్తోంది. "అగో తోక! అగో!" అని ఓ పిల్ల కేక పెట్టింది. తోక చప్పున లోపలికి పోయింది.

ఖైరతాబాద్ వినాయకుడి దగ్గర ఏటా కూతురు సంహితను ఐదేళ్ల పాటు భుజాన మోసిన మనిషి ఫణీంద్ర. పిల్ల చెప్పులు ఛాతీకి తగిలిన చోటు ఇంకా గుర్తుందని దస్తగిరితో అన్నాడు.

"మరి ఎట్ల మర్చిపోయిండ్రు సార్?"

"కాగితం మీద మనుషులంతా ఒంటరిగానే నిలబడతారు దస్తగిరి భాయ్."

గోడ పెంచితే చిరుతకు బయటేమీ కనబడదు. బయట ఏముందో తెలియని జంతువు ఇంకా బెదిరిపోతుంది. సాయంత్రం అదే ఆలోచిస్తూ ఇంటి బాల్కనీలో కూర్చున్నాడు. ఎదుట అబ్బాయిల హాస్టలు. కోర్సులకని వచ్చి ఒక్కో గదిలో ఆరుగురేసి ఉంటారు. కింది మంచాల వాళ్లు పైమంచానికి దుప్పటి వేలాడదీసుకుని, లోపల దీపం పెట్టుకుని చదువుకుంటున్నారు. ఒకడు దుప్పటి సందులోంచి వీధి చూస్తున్నాడు.

"ఏంటండీ, పరాయి గదుల్లోకి అలా చూడొచ్చా?" అంది భార్య రత్నమాల.

"చూడ్డానికేముంది, దుప్పట్లు కట్టుకున్నారుగా."

"కట్టుకున్నా చూస్తున్నారుగా మీరు!"

ఆయన సిగ్గుపడి లోపలికొచ్చి కాగితం తీశాడు. గోడ ఎత్తు అంతే ఉంచి, పైన రాతిపలక కప్పాడు. పలక అంచు నుంచి తీగలు వేలాడేలా గీశాడు. చిరుత తీగల సందుల్లోంచి బయటికి చూడొచ్చు, దాన్ని మాత్రం పైనుంచి ఎవరూ చూడలేరు. జనం నిలబడే వైపు అద్దం పక్కన, పొద్దుటెండ పడే చోట ఓ చదును బండ పెట్టాడు.

"బండ మీదికి గ్యారంటీగ వస్తదా సార్?" అన్నాడు దుర్గేష్.

"దానికి ఇష్టమైతే."

"గా మాట వాళ్లకు నేను చెప్పలేను."

"నేనే చెప్తాను."

మూడు గంటలు చెప్పాడు. పలక కట్టాక ఎనిమిది వారాలు చూస్తామనీ, ఫిర్యాదులు తగ్గకపోతే తీసేస్తామనీ జూవాళ్లు రాసిచ్చారు. ఫణీంద్ర సంతకం పెట్టాడు. ఇలాంటి షరతు మీదే ఒకప్పుడు ఎలుగుబంటికీ చాటు కట్టించాడు. తొమ్మిదో వారంలో దాన్ని కూలగొట్టారు.

పలక కట్టిన మూడో వారం మధ్యాహ్నం దస్తగిరి ఫోను చేశాడు.

"సార్, పగలే తిన్నది! బొక్క సుత మిగల్చలే."

"తోక?"

"కొత్త బొచ్చు వస్తున్నది."

"జనం ఏమంటున్నారు?"

"మస్తు లొల్లి సార్. చిరుత ఏదని ఒకాయన నా మీదికొచ్చిండు. మీ ఇంట్ల బాత్రూంకు తలుపుందా భాయ్ అని అడిగిన. ఇగ పోయి కంప్లైంట్ రాసిండు. ఇప్పటికి పదకొండైనయ్."

ఫణీంద్ర కళ్లజోడు తీసి కళ్లు రుద్దుకున్నాడు. ఇంకా ఐదు వారాలు.

"మాంసం ముక్క అద్దం కాడి బండ మీద పెట్టనా సార్? ఆకలికి బయటికొస్తది, కంప్లైంట్లు తగ్గుతయ్."

పెట్టమంటే పలక నిలబడుతుంది. కానీ తినాలంటే అది మళ్లీ ఆ కళ్ల ముందుకే రావాలి.

"వద్దు భాయ్, లోపలే పెట్టండి. ఎండకు తనంతట తను ఎప్పుడొస్తుందో రోజూ టైము రాసి ఉంచండి. ఆ కాగితం పట్టుకుని నేనొచ్చి వాళ్లతో మళ్లీ మాట్లాడతాను."

"ఇప్పుడైతే పండుకున్నది సార్."

"పడుకోనివ్వండి."