పక్కింటి పాప

వీరవేణికి ఇద్దరు పిల్లలున్నారని ముక్తేశ్వరంలో తెలియనివాళ్ళు లేరు. పాలు పోసే ఆయనకు తెలుసు, ఆటోల వాళ్ళకు తెలుసు, పూలమ్మే ఆవిడకైతే ఆ ఇద్దరికీ పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయించారో కూడా తెలుసు. తెలియనిదల్లా వీరవేణికి ఉద్యోగమిచ్చిన కంపెనీకి ఒక్కదానికే.

అందులో కంపెనీ తప్పేమీ లేదు. వాళ్ళు తిన్నగానే అడిగారు. హైదరాబాదు నుంచి కంప్యూటర్లో కనిపించిన భవానీదేవి మేడమ్ మిగతా ప్రశ్నలన్నీ అయ్యాక, "ఇంట్లో చిన్నపిల్లలెవరైనా ఉన్నారా?" అంది. సరిగ్గా అప్పుడే పెరట్లో ఏడాదిన్నర పిల్లాడు చెవులు చిల్లులు పడేలా ఏడుస్తున్నాడు.

"లేరండి" అంది వీరవేణి.

"మరి ఆ ఏడుపు?"

"పక్కింట్లోనండి. వాళ్ళ బాబు కొంచెం పేచీకోరండి."

పక్కింట్లో నిజానికి పిల్లలే లేరు. కనకమహాలక్ష్మి అనే ఒంటరి ఆడమనిషీ, ఆవిడ కుట్టుమిషనూ ఉంటాయి. కన్నతల్లి అయ్యుండి గుటక మింగేంత సేపైనా ఆలోచించకుండా ఆ మాట ఎలా అనగలిగిందని మీరు ఆశ్చర్యపోతున్నారంటే, చంకలో పిల్లాడితో ఉద్యోగం అడగడానికి మీరెప్పుడూ వెళ్ళలేదన్నమాట.

వీరవేణి వెళ్ళింది. పెళ్ళికి ముందు ఆమె అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు. బస్సు దిగగానే చేతిలో సంచీ అందుకోవడానికి పిల్లలు పోటీలు పడేవారు, వాళ్ళ అమ్మానాన్నలు "టీచర్ గారండీ" అంటూ పక్కకు తప్పుకుని దారిచ్చేవారు. కూతురు చిట్టి కడుపున పడ్డాక వేవిళ్ళతో మంచం దిగలేక మానేసింది. ఆ మానడంతో పేరు కూడా పోయింది. ఊళ్ళో నాగసతీష్ గారి ఆవిడ, అంగన్‌వాడీలో చిట్టి వాళ్ళమ్మ. వీరవేణి అన్న పేరు రేషను కార్డులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

పిల్లాడు నడక నేర్చాక పాత స్కూలుకే వెళ్ళి అడిగింది. ప్రిన్సిపాలు గారు కుర్చీ వేయించారు, కాఫీ తెప్పించారు. "ఎంత మాటండీ, మీలాంటి టీచరు మాకెక్కడ దొరుకుతారండీ. పిల్లలు కాస్త పెద్దాళ్ళయ్యేక రండి. ఆయ్, ఈ ఉద్యోగం మీదేనండి" అన్నారు. ఆ వారంలోనే ఆ ఉద్యోగంలో పెళ్ళికాని అమ్మాయిని వేసుకున్నారు. మా వైపు మనుషులు మొహం మీద తలుపు వెయ్యరు. కాఫీ ఇచ్చి, గేటు దాకా సాగనంపి, అప్పుడు వేస్తారు. పిల్లలున్నారని ఇంకెక్కడా నోరు జారకూడదని వీరవేణి ఆ గేటు దగ్గరే అనుకుంది.

కొత్త ఉద్యోగం ఇంట్లో కూర్చుని చేసేదే. దుబాయ్, దోహా, మస్కట్‌లలో ఉంటున్న తెలుగువాళ్ళ పిల్లలకు తెలుగు మాట్లాడ్డం నేర్పాలి. వాళ్ళు బడి నుంచి వచ్చాక క్లాసు. అంటే ఇక్కడ దీపాలు పెట్టే వేళ, ఆకలేసిన పిల్లలు అమ్మ కొంగు పట్టుకుని వేళ్ళాడే వేళ. కోనసీమ మాట తియ్యగా ఉంటుందని కంపెనీవాళ్ళు ఏరికోరి ఇటువైపు ఆడవాళ్ళను తీసుకున్నారు. "మీ అండీలూ ఆయ్‌లూ అలాగే ఉంచండి, పేరెంట్స్‌కి కావలసింది అవే" అంది భవానీదేవి. మూడు నెలలు చూస్తారు. ఆఖర్న మేడమే క్లాసులో కూర్చుని వింటుంది. నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే వీరవేణి మళ్ళీ చిట్టి వాళ్ళమ్మే.

మొగుడు నాగసతీష్ కొబ్బరికాయల లోడ్లు ఎత్తించే మనిషి. "ఇంట్లో కూచునే కదా, చేసుకో. మా అమ్మని మాత్రం ఇబ్బంది పెట్టకు" అన్నాడు. ఆ రెండు ముక్కల మధ్య పిల్లలిద్దరినీ ఎక్కడ ఇరికించాలో ఆయన చెప్పలేదు. చెప్పాలని ఆయనకు తోచనూ లేదు. అత్తగారు సత్యనారాయణమ్మకు మోకాళ్ళ నొప్పులు. "బుడ్డోణ్ణి తీసుకెళ్ళి ఆ చివరింటి అరుగు మీద కూచుంటానమ్మా. ఇద్దరంటే నా వల్ల కాదు" అంది. అలా ఐదేళ్ళ చిట్టి మిగిలిపోయింది.

చిట్టికి నోరు మూసుకోవడం నేర్పింది వీరవేణి. మొదట చాక్లెట్లు ఇచ్చింది. తర్వాత కళ్ళెర్రజేసింది. ఆ తర్వాత తొడపాశం పెట్టింది. తొడపాశంతో పాఠం తొందరగా ఒంటబట్టింది. గదికి లోపల గడియ వేసుకుని వీరవేణి క్లాసు చెప్తుంటే, చిట్టి బయట కూర్చునేది, కింద పడ్డా చప్పుడు చేసేది కాదు. ఏడుపొస్తే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేది. అది మాత్రం ఎవరూ నేర్పలేదు, ఆ పిల్ల సొంతంగా కనిపెట్టుకుంది.

ఇంకో పని కూడా కనిపెట్టింది. తలుపు కింద సందు దగ్గర బోర్లా పడుకుంటే లోపలి మాటలు బాగా వినిపిస్తాయి.

"రండి నాన్నా, రండి బంగారాలూ. ఏవమ్మా, ఇవాళ ఏం తిన్నావు తల్లీ? ఆయ్, ఇడ్లీలా? మరి నాకొకటి దాచలేదేం?"

అలాంటి గొంతు చిట్టి ఎప్పుడూ వినలేదు. ఆ పిల్లకు తెలిసిన గొంతు ఒసేయ్‌తో మొదలై చంపేస్తానుతో ముగుస్తుంది. ఒకరోజు అరుగు మీంచి వచ్చిన సత్యనారాయణమ్మను పట్టుకుని, "మామ్మా, ఆ గదిలో ఆవిడ ఎవరు? మనింట్లోనే ఉంటారా?" అని అడిగింది. "మీ అమ్మేనే పిచ్చిమొహమా" అంది మామ్మ. చిట్టి నమ్మలేదు.

వీరవేణిని ఒక్కదాన్నీ ఆడిపోసుకోవడం ఎందుకు, మనందరం అంతే. పరాయి పిల్లలు అమ్మలూ నాన్నలూ, మన పిల్లలు ఒసేలూ ఒరేలూ. కాకపోతే ఈమెకు ఆ తియ్యదనం కొలిచి పోయాల్సిన సరుకైపోయింది. రోజూ రెండున్నర గంటలు పోసి లేచేసరికి ఇంట్లోవాళ్ళకు అడుగూ బొడుగూ కూడా ఉండేది కాదు.

మేడమ్ వినే రోజు రానే వచ్చింది. క్లాసుకు ముందే కరెంటు పోయింది. ఇన్వర్టరు లైను ఉన్నది హాల్లోనే. వీరవేణి కంగారుగా కంప్యూటరు అక్కడి బల్ల మీదికి మోసి, కుర్చీ లాక్కుంది. హాలుకు గడియ లేదు. చిట్టిని కంప్యూటర్లో కనబడకుండా ఒక మూల కూర్చోబెట్టి, వేలు చూపించి, నోటిమీద చెయ్యి పెట్టించి, అప్పుడు నవ్వు మొహం పెట్టుకుని కూర్చుంది.

ఆవేళ పాఠం వావివరసలు.

"అమ్మకి చెల్లెలుందనుకోండి. ఆవిడ మనకేవవుతారు నాన్నా?"

"ఆంటీ" అన్నాడు దోహా పిల్లాడు.

"నాన్నగారి అక్క?"

"ఆంటీ" అంది దుబాయ్ పిల్ల.

"ఆంటీ కాకుండా చెప్పాలమ్మా. మొన్ననే చెప్పుకున్నాం కదా."

ఒక్కరూ పలకలేదు. తెర మీద ఓ మూల భవానీదేవి తల వంచుకుని ఏదో రాసుకుంటోంది. ఇంతలో వెనక నుంచి సన్నటి గొంతు వచ్చింది.

"అమ్మ చెల్లెలు పిన్నిగారండి. నాన్నగారి అక్క అత్తయ్యగారండి."

తలుపు కింద సందులోంచి మూడు నెలల పాఠాలూ ఆ పిల్లకు వచ్చేశాయి.

"ఎవరండీ అది?" భవానీదేవి తలెత్తింది.

వీరవేణి వెనక్కి తిరిగి చూడలేదు. "పక్కింటి పాపండి. పాఠం వింటానని వస్తూ ఉంటుందండి" అంది.

"భలే చెప్పిందే. ఇలా తీసుకురండి, పిల్లలు చూస్తారు."

ఇక తప్పలేదు. వీరవేణి మూలకు తిరిగి, "రామ్మా, రా బంగారం" అంది. ఎవరిని పిలుస్తున్నారోనని చిట్టి తన వెనక్కి చూసుకుంది. అక్కడ గోడ తప్ప ఎవరూ లేరు. లేచి వచ్చి కుర్చీ పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. మొహం వెలిగిపోతోంది. తలుపవతల ఆవిడ తననే పిలిచింది మరి.

"నీ పేరేంటమ్మా?"

"చిట్టండి."

"మీ మమ్మీ పేరేంటి?" అన్నాడు దోహా పిల్లాడు. వాడికి వచ్చిన ప్రశ్నలు నాలుగే, అందులో ఇదొకటి.

చిట్టి తలెత్తి వీరవేణి మొహంలోకి చూసింది. వీరవేణి నవ్వుతూనే ఉంది. కూతురి మీద ప్రేమ లేక కాదు. మూడు నెలలు, ఆ స్కూలు గేటు, టీచర్ గారండీ అన్న పిలుపు, అన్నీ ఆ పిల్ల నోట్లోంచి రాబోయే ఒక్క మాట దగ్గర ఆగి ఉన్నాయి. బల్ల కింద ఆమె వేళ్ళు చిట్టి తొడ వెతుక్కున్నాయి. దొరకపుచ్చుకుని మెలిపెట్టాయి.

చిట్టి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. చేతులు నోటి దాకా వచ్చి ఆగాయి. ఐదేళ్ళకే ఆ పిల్లకు లోకం ఎంత తెలిసిపోయిందో చూడండి.

"కనకమహాలక్ష్మి గారండి" అంది.

"అబ్బ, ఎంత మంచి పేరమ్మా" అంది వీరవేణి.

క్లాసయ్యాక చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. తొడ మీద కమిలిన చోట కొబ్బరినూనె రాసి వెక్కి వెక్కి ఏడ్చింది. చిట్టి ఏడవలేదు. "బాగా చెప్పేనాండీ?" అని అడిగింది. కన్నపిల్ల తనను అండీ అంటుంటే వీరవేణికి అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. ఆ నవ్వు రాకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

మర్నాడు భవానీదేవి ఫోన్ చేసింది. ఉద్యోగం ఖాయం. "ఆ పక్కింటి పాప పేరెంట్స్ అందరికీ తెగ నచ్చేసిందండీ. ఆ పాపతో మాట్లాడాలని పిల్లలు పోటీలు పడుతున్నారట. రోజూ కూర్చోబెట్టండి. కావాలంటే వాళ్ళమ్మగారితో నేను మాట్లాడతాను."

"అక్కర్లేదండి" అంది వీరవేణి. "వాళ్ళమ్మగారు ఏవీ అనుకోరండి."

అప్పటి నుంచి రోజూ సాయంత్రం చిట్టికి రెండు జడలు, గుండ్రంగా బొట్టు. తలుపు బయట నిలబడి, "నమస్కారం టీచర్ గారండీ, లోపలికి రావచ్చాండీ?" అని అడిగి రావాలి. క్లాసున్నంత సేపూ అమ్మా, తల్లీ, బంగారం. కంప్యూటరు మూత పడగానే, "ఒసేయ్, ఆ కంచం ఎక్కడ తగలేశావే" అని మొదలు. పాలవాడి దగ్గర్నుంచి ప్రిన్సిపాలు గారి దాకా వీరవేణి మళ్ళీ టీచర్ గారైంది. మా ఆవిడ దుబాయ్ వాళ్ళకి పాఠాలు చెప్తుందని నాగసతీష్ లోడ్ల దగ్గర గొప్పలు పోతున్నాడు. పిల్లాడు సత్యనారాయణమ్మను అమ్మా అంటున్నాడు. అందరూ సుఖంగానే ఉన్నారు.

ఓ ఆదివారం క్లాసు లేదు. వీరవేణి పెరట్లో బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి హాల్లో నేల మీద నెత్తుటి చుక్కలు కనిపించాయి. గుమ్మం నుంచి గది దాకా ఉన్నాయి. ఇంట్లో ఏడుపు లేదు, అరుపు లేదు. ఆ చుక్కల వెంటే గదిలోకి పరుగెత్తింది.

చిట్టి స్టూలు మీద కూర్చుని ఉంది. పగిలిన కొబ్బరి చిప్ప మీద కాలు వేసినట్టుంది, పాదం తెగి నెత్తురు కారుతోంది. చేతులతో నోరు గట్టిగా మూసుకుని ఉంది. తనంతట తనే కంప్యూటరు మూత ఎత్తి పెట్టుకుంది. నల్లటి తెరకేసి చూస్తూ కూర్చుంది.

"ఒసే..." అంటూ వచ్చింది వీరవేణి నోటికి. అది సగంలో మింగింది. వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. పిల్ల కాలు ఒళ్ళోకి తీసుకుని, కొంగుతో అదిమిపట్టి, "ఏవైంది బంగారం?" అంది. ఆ గొంతుతోనే అంది.

చిట్టి నోటి మీంచి చేతులు తీసింది. మొహం విప్పారింది. "వచ్చేరా అండీ" అంది.

"వచ్చేనమ్మా."

"దెబ్బ తగిలిందండి. చాలా నొప్పండి." అప్పుడు ఏడ్చింది, గట్టిగా, నోరంతా తెరిచి, వీరవేణి మెడ చుట్టూ చేతులేసి. ఎంతసేపటికో ఏడుపు సన్నగిల్లింది. కళ్ళు తుడుచుకుని, గుమ్మం వైపు ఒకసారి భయంగా చూసి, వీరవేణి చెవి దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది.

"మా అమ్మకి చెప్పకండేం టీచర్ గారూ. తొడపాశం పెడుతుంది."

వీరవేణి ఆ పిల్ల వీపు నిమిరింది.

"చెప్పనులే తల్లీ" అంది.